ఆకు కుళ్లితేనే రాయి కరుగుతుంది

నీళ్లు కాచే కెటిల్ అడుగున కొన్నాళ్లకు తెల్లగా గార కడుతుంది. వేలితో గీరితే రాదు. కొంచెం వెనిగర్ పోసి చూడండి. ముందు ఏమీ జరగనట్టే ఉంటుంది. కాసేపటికి అంచుల వెంట సన్నటి బుడగలు లేస్తాయి, ఆ తర్వాత గార మొత్తం నురగ కక్కుతుంది. చెవి దగ్గర పెడితే చిటచిటమని వినిపిస్తుంది కూడా. నేను మొదటిసారి ఈ పని గార వదిలించడానికే చేశాను. ఆ బుడగల్లో ఏముందో తెలిశాక మాత్రం కెటిల్ కడగడం కాస్త ఆలస్యమవుతోంది.

అవి కార్బన్ డయాక్సైడ్ బుడగలు. అందులో కొంత కోట్ల ఏళ్ల కిందట ఏదో సముద్రంలో గుల్లలు కట్టుకున్న జీవులది. మిగతాది మొన్నమొన్న ఏదో చెట్టు కింద మట్టిలో కుళ్లిన ఆకులది, వేళ్లది. రెండూ నీళ్లలో కలిసి ప్రయాణం చేసి, వేడి తగలగానే రాయిగా మారి కెటిల్‌లో కూర్చున్నాయి. ఆకు కుళ్లడం, నీళ్లకు రుచి రావడం, రాయి పుట్టడం అనేవి బడిలో మనకు మూడు వేర్వేరు పాఠాలు. కానీ మొదటిది ఆగిపోతే మిగతా రెండూ బాగా మందగిస్తాయి.

ఈ సంగతి చేతిదాకా వచ్చి జారిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు యాన్ బాప్టిస్టా ఫాన్ హెల్మాంట్, 17వ శతాబ్దపు వైద్యుడు. కుండీలో 200 పౌన్ల ఎండబెట్టిన మట్టి తూచి పోసి, 5 పౌన్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌన్లకు పెరిగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది 2 ఔన్సులే. కాబట్టి కలప మొత్తం నీళ్లతోనే తయారైందని తేల్చేశాడు. ఆయన చనిపోయాక 1648లో ఇది అచ్చయింది. విచిత్రమేమిటంటే 'గ్యాస్' అనే మాటను సృష్టించింది ఆయనే, బొగ్గు కాలితే వచ్చే వాయువును వర్ణించిందీ ఆయనే. చెట్టు బరువులో పెద్ద వాటా ఆ వాయువు నుంచే వచ్చిందని మాత్రం ఆయనకు తట్టలేదు.

అందరూ ఇక్కడిదాకా చెప్పి నవ్వుకుంటారు. నాకు అంతకంటే ఆసక్తిగా అనిపించేవి రెండు చిన్న విషయాలు. ఒకటి, ఆ 2 ఔన్సులు. అది తూకంలో వచ్చిన తేడా అయి ఉండొచ్చు, కానీ చెట్టుకు మట్టి నుంచి కావలసింది నిజంగా ఆ మాదిరి కొంచెమే: కాల్షియం, పొటాషియం, భాస్వరం, ఇనుము లాంటివి. కట్టెను కాలిస్తే మిగిలే పిడికెడు బూడిద అదే. రెండోది, నాలుగు శరత్తుల్లో రాలిన ఆకుల్ని తాను తూచలేదని ఆయనే రాసుకున్నాడు. మన కథ ఆ తూచని ఆకుల దగ్గరే మొదలవుతుంది.

రాలిన ఆకు మట్టి మీద పడ్డాక మొదట అందులోంచి చక్కెరలు, పొటాషియం వాననీటికి కారిపోతాయి. తర్వాత బూజు దారాలు లోపలికి చొరబడతాయి. చలువ నేల మీద తడిసిన ఆకుల పొరను మెల్లగా ఎత్తి చూస్తే, రెండు ఆకుల మధ్య సాలెగూడు కంటే సన్నటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. వీటికి నోరు లేదు. అందుకని ఎంజైములను బయటికి వదిలి, ఆకును బయటే అరిగించి, కరిగినదాన్ని పీల్చుకుంటాయి. ఈనెలు గట్టివి, చివరిదాకా నిలుస్తాయి. అందుకే సగం కుళ్లిన ఆకు జల్లెడలా ఉంటుంది.

బూజైనా బ్యాక్టీరియా అయినా ఆకును తినేది మట్టికి ఎరువు వేద్దామని కాదు, తమ కడుపు కోసం. తిన్న కార్బన్‌లో సుమారు మూడింట రెండు వంతులను శ్వాసలో బయటికి వదిలేస్తాయి. మిగిలిన వంతుతో ఒళ్లు పెంచుకుంటాయి. ఒళ్లు కట్టాలంటే ప్రతి 8 పాళ్ల కార్బన్‌కు 1 పాలు నత్రజని కావాలి. అంటే కాల్చుకునే 16, కట్టుకునే 8 కలిపి 24 పాళ్ల కార్బన్‌కు 1 పాలు నత్రజని ఉన్న తిండి వాటికి సరిగ్గా సరిపోతుంది. తిండిలో నత్రజని అంతకంటే ఎక్కువుంటే, మిగులును అమ్మోనియం రూపంలో మట్టిలోకి వదిలేస్తాయి. మొక్క వేరుకు అందేది అదే. సేంద్రియ పదార్థం ఖనిజంగా మారడం, అంటే ఖనిజీకరణ, అని మృత్తికా శాస్త్రం పిలిచేది దీన్నే.

మరి తక్కువుంటే? ఎండుగడ్డిలో ఆ నిష్పత్తి సుమారు 80కి 1. రంపపు పొట్టులో కొన్ని వందలకు 1. అలాంటిది మట్టిలో కలిపితే సూక్ష్మజీవులు లోటు పూడ్చుకోవడానికి మట్టిలో ఉన్న నత్రజనినే లాక్కుంటాయి. ఎరువు వేశామనుకుంటే మొక్కలు పసుపు రంగుకు తిరుగుతాయి. అప్పు చేసినట్టే. ఆ సూక్ష్మజీవులు చచ్చాక గానీ నత్రజని తిరిగి బయటికి రాదు.

మొక్కలు హ్యూమస్‌ను, అంటే కుళ్లి మట్టిలో మిగిలిన నల్లటి పదార్థాన్ని, నేరుగా తింటాయని 19వ శతాబ్దం మొదట్లో చాలామంది నమ్మారు. 1840లో యూస్టస్ ఫాన్ లీబిగ్ ఆ నమ్మకాన్ని గట్టిగా దెబ్బకొట్టాడు. మొక్కకు మట్టి నుంచి కావలసింది ఖనిజ లవణాలే అన్నాడు. నిజానికి అదే మాట కార్ల్ ష్ప్రెంగెల్ అంతకు ముందే చెప్పాడు, పేరు మాత్రం లీబిగ్‌కే ఎక్కువ దక్కింది. ఆ లవణాలను తయారుచేసే జీవుల సంగతి తేలడానికి ఇంకా సమయం పట్టింది. అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బ్యాక్టీరియాను సెర్గీ వినోగ్రాడ్‌స్కీ పట్టుకున్నది 1890 ప్రాంతంలో.

ఇప్పుడు ఆ వదిలేసిన శ్వాస సంగతి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం చుట్టుపక్కల ఉంటుంది. మట్టి రేణువుల మధ్య గాలిలో అంతకు పది రెట్ల నుంచి వంద రెట్ల వరకు ఉండొచ్చు. కుళ్లేవాటి శ్వాస, వేళ్ల శ్వాస అక్కడే ఇరుక్కుపోతాయి కాబట్టి. వాన చినుకు నేలను తాకేసరికే కాస్త పుల్లనిది, ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ 5.6 ఉంటుంది (7 కంటే తక్కువైతే ఆమ్లం). ఆకాశంలోనే కొంత కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని వస్తుంది. కానీ దానికి అసలు పదును వచ్చేది మట్టిలోకి ఇంకాకే. మట్టి గాలిలోని వాయువును మింగి కార్బానిక్ ఆమ్లమవుతుంది. మట్టి గుండా దిగిన నీరు, నేరుగా రాతి మీద పడిన వాన కంటే రెండు మూడు రెట్లు సున్నపురాయిని కరిగించగలదు.

సున్నపురాయి కరిగితే నీళ్లలోకి కాల్షియం, బైకార్బొనేటు వస్తాయి. గ్రానైటు అంత తేలిగ్గా లొంగదు. అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం నుంచి సోడియం, పొటాషియం, కొంచెం సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) మెల్లగా ఊడివస్తాయి, మిగిలింది బంకమట్టి అవుతుంది. బావి నీళ్లు ఒక్కోచోట ఒక్కో రుచిగా ఉండటానికి కారణం అవి ఏ రాతిని, ఎంతసేపు, ఎంత ఆమ్లంతో తాకాయన్నదే. నదుల నీటిలో లీటరుకు సగటున 100 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఖనిజాలు కరిగి ఉంటాయి. వాటిలో పెద్ద వాటా కాల్షియం, బైకార్బొనేటులది.

మరి నదులన్నీ చేరే సముద్రంలో లీటరుకు 35 గ్రాములున్నా, అందులో ముఖ్యమైనది సోడియం క్లోరైడు ఎందుకైంది? నది తెచ్చింది అక్కడ అలాగే నిలవదు కాబట్టి. కాల్షియాన్ని, బైకార్బొనేటును పగడాలు, నత్తలు, కంటికి కనిపించని పాచి జీవులు గుల్లలుగా కట్టేసుకుంటాయి. సిలికాను డయాటమ్‌లు అనే ఒంటికణపు పాచి జీవులు గాజు డబ్బాల్లాంటి పెంకులుగా మలుచుకుంటాయి. ఉప్పును అలా వాడుకునేవాళ్లు ఎవరూ లేక అది మిగిలిపోయింది. సముద్రపు ఉప్పదనం ఒక రకంగా ఎవరికీ అక్కరలేని సరుకు పేరుకోవడమే.

నేల మీదకే తిరిగొస్తే, గుహల్లో కప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు నీరు ఆవిరై సున్నం మిగలడం వల్ల ఏర్పడతాయని చాలామంది అనుకుంటారు. గుహ లోపల గాలి దాదాపు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది, ఆవిరి కావడం అక్కడ చిన్న విషయం. మట్టిలో వాయువు బాగా మింగి వచ్చిన చుక్క గుహ గాలి తగలగానే, సోడా మూత తీసినట్టు, వాయువును వదిలేస్తుంది. ఆమ్లం తగ్గగానే మోసుకొచ్చిన సున్నాన్ని పట్టి ఉంచే శక్తి పోతుంది. కెటిల్‌లోనూ జరిగేది అదే. అక్కడ వాయువును తరిమేది వేడి.

అలా పేరుకున్న సున్నంలో పాత రాతి కార్బన్, కొత్త ఆకు కార్బన్ కలగలిసి ఉంటాయి. ఈ కలగలుపు ఒకసారి నవ్వు తెప్పించే ఫలితమిచ్చింది. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో కొన్ని ఊటల్లో బతికున్న నత్తల గుల్లలకు, కాలంతో తరిగిపోయే కార్బన్-14 ఎంత మిగిలిందో చూసే పద్ధతిలో వయసు కడితే 27,000 ఏళ్లని వచ్చింది. ఈ ఫలితం 1984లో అచ్చయింది. పద్ధతి తప్పు కాదు. పాత సున్నపురాళ్లలో కార్బన్-14 ఎప్పుడో అడుగంటిపోయింది, ఆ నీళ్లలో కరిగి ఉన్నది ఎక్కువగా ఆ కార్బనే, నత్త ఇల్లు కట్టుకున్నది దానితోనే. ఇటుకలు పాతవి, ఇల్లు కొత్తది. అందుకే సున్నం ఎక్కువగా కరిగిన కఠిన జలంలో పెరిగిన గుల్లల వయసును శాస్త్రవేత్తలు యథాతథంగా నమ్మరు.

ఇక ఆకు, కొమ్మ కుళ్లకుండానే రాయైపోయే దారి ఒకటుంది. దీనికి సున్నం కంటే సిలికా బాగా పనికొస్తుంది. అమెరికాలోని అరిజోనాలో ఉన్న పెట్రిఫైడ్ ఫారెస్ట్‌లో 20 కోట్ల ఏళ్లు దాటిన దుంగలు నేల మీద దొర్లి ఉంటాయి. దూరం నుంచి ఎవరో నిన్ననే రంపంతో కోసి వదిలేసినట్టుంటాయి. దగ్గరికెళ్తే క్వార్ట్జ్, అంటే స్ఫటికంగా గట్టిపడిన సిలికా. ఎరుపు, పసుపు ఇనుము వల్ల, నలుపు మాంగనీసు వల్ల. అవి నది కొట్టుకొచ్చిన ఒండ్రులో పాతుకుపోయాయి, గాలి అందక కుళ్లడం మందగించింది. ఒండ్రులో కలిసిన అగ్నిపర్వతాల బూడిద నుంచి సిలికా కరిగి నీళ్లలోకి చేరింది. ఆ నీరు కణాల ఖాళీల్లోకి దూరి, కణం గోడలకు అంటుకుని, మెల్లగా గట్టిపడింది. చెక్క అణువులు ఒక్కొక్కటే తప్పుకుని రాతి అణువులకు చోటిచ్చాయని చెప్పే పాత వర్ణన వినడానికి బాగుంటుంది. ఎక్కువగా జరిగేది మాత్రం ముందు ఖాళీలు నిండటం, ఆ తర్వాత గోడలు పోవడం.

అంటే ఇదొక పందెం. బూజు ముందు చేరితే మట్టి, సిలికా ముందు చేరితే రాయి. దీనికి లక్షల ఏళ్లు పట్టాలనీ లేదు. జపాన్‌లో సిలికా దండిగా ఉన్న ఒక వేడినీటి ఊటలో చెక్క ముక్కలు ఉంచి చూస్తే, ఏడేళ్లలో వాటి బరువులో దాదాపు 40 శాతం సిలికా చేరింది.

పందెంలో ఇద్దరూ ఒకేసారి చేరిన చోటు కూడా ఉంది. స్కాట్లాండ్‌లోని రైనీ అనే ఊరి దగ్గర 1910లలో విలియం మాకీ అనే వైద్యుడు కొన్ని రాళ్లను గమనించాడు. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి వేడి ఊటల సిలికా అది. పలచగా కోసి సూక్ష్మదర్శిని కింద పెడితే తొలినాటి నేల మొక్కల కణాలు, ఆ కణాల్లోకి చొచ్చుకుపోయిన బూజు దారాలు కనిపిస్తాయి. కుళ్లబెట్టేవాళ్లు పనిలో ఉండగానే రాయైపోయారు.

చెట్టు స్వయంగా రాయిని చేయించే పద్ధతి కూడా ఉంది. ఆఫ్రికాలో పెరిగే ఇరోకో అనే చెట్టు తన ఒంట్లో మిగులు కాల్షియాన్ని ఆక్సలేటు స్ఫటికాలుగా దాచుకుంటుంది. మన మూత్రపిండాల్లో రాళ్లు ఎక్కువగా అవే పదార్థం. ఆకు రాలాక ఆ ఆక్సలేటును కొన్ని బ్యాక్టీరియా తింటాయి. దాంతో మట్టిలో ఆమ్లం తగ్గి సున్నపురాయి పేరుకుంటుంది, అదీ సహజంగా సున్నం లేని నేలలో. చెట్టు మొద్దులోనే రాళ్లు గడ్డకట్టడమూ ఉంది, రంపం పళ్లు విరిగినప్పుడు కోసేవాళ్లకు తెలుస్తుంది.

ఇంతవరకూ నీరు మోసుకెళ్లే కూలీగానే కనిపించింది. అది కూడా ఖనిజంలో భాగమైపోతుంది. మెక్సికోలోని నైకా గనిలో 2000లో బయటపడిన గుహలో 11 మీటర్ల పొడవున్న జిప్సం స్ఫటికాలున్నాయి. 58 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న వేడినీళ్లలో లక్షల ఏళ్లు పెరిగాయవి. ఆ స్ఫటికం బరువులో అయిదో వంతు నీరే. పగలగొడితే ఒక్క చుక్క కూడా కారదు. ఎందుకంటే ప్రతి నీటి అణువుకూ కాల్షియం పక్కన, సల్ఫేటు పక్కన నిర్ణయమైన కుర్చీ ఉంది. ఇంకా లోతుకు వెళ్తే, బ్రెజిల్‌లో దొరికిన ఒక వజ్రంలో చిక్కుకున్న రింగ్‌వుడైట్ రేణువులో 1 శాతానికి పైగా నీరు ఉందని 2014లో తేలింది. ఆ ఖనిజం పుట్టేది భూమిలో 500 కిలోమీటర్లకు పైబడిన లోతున.

జిప్సాన్ని 150 డిగ్రీల చుట్టుపక్కల వేడి చేస్తే నీటిలో ముప్పావు వంతు లేచిపోయి తెల్లటి పొడి మిగులుతుంది. అదే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్. విరిగిన చేతికి ఆ పొడి అద్దిన పట్టీని తడిపి చుట్టినప్పుడు కాసేపు వెచ్చగా తగులుతుంది. నీటి అణువులు వదిలి వెళ్లిన కుర్చీల్లో మళ్లీ సర్దుకుంటున్నప్పుడు వచ్చే వేడి అది. కొన్ని రోజులకు కట్టు ఆరిందంటారు. అదనంగా ఉన్న తడి మాత్రమే ఆరింది, మిగతా నీళ్లు కట్టు విప్పేదాకా చేతిమీదే ఉంటాయి.