అన్ని బలాలకూ ఒకే సిద్ధాంతం: అపోహలు - వాస్తవాలు

కణ భౌతికశాస్త్రంలో పనిచేస్తానని తెలిస్తే చాలు, "ఆ ఒక్క సమీకరణం దొరికిందా?" అని అడుగుతారు. అంటే ప్రకృతిలోని నాలుగు బలాలనూ (గురుత్వాకర్షణ, విద్యుదయస్కాంత బలం, కేంద్రకంలో పనిచేసే బలమైన, బలహీన బలాలు) ఒకే గాటన కట్టే సిద్ధాంతం అన్నమాట. ఇంకొందరైతే దొరికేసిందంటూ నాకే మెయిల్ పెడతారు. తరచూ వినపడే అపోహలు కొన్ని:

అపోహ: బలాలను కలపడమనేది ఐన్‌స్టీన్ మొదలుపెట్టి సగంలో వదిలేసిన పని.

వాస్తవం: విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి ఒకే కథలో భాగాలని మాక్స్‌వెల్ 1860లలోనే చూపించాడు. ఐన్‌స్టీన్ 1955లో పోయేదాకా పట్టు వదలని మాట నిజమే. కానీ ఆయన గురుత్వాకర్షణను, విద్యుదయస్కాంతత్వాన్ని కలపాలని చూశాడు తప్ప, కేంద్రకంలోని రెండు బలాల జోలికి పెద్దగా పోలేదు. ఫలించిన దారి వేరు. గ్లాషో, సలామ్, వైన్‌బర్గ్ అనే భౌతిక శాస్త్రవేత్తలు విద్యుదయస్కాంత, బలహీన బలాలను కలిపి 1979లో నోబెల్ అందుకున్నారు. వాళ్ల సిద్ధాంతం చెప్పిన డబ్ల్యూ, జడ్ కణాలు (బలహీన బలాన్ని మోసేవి) 1983లో యూరప్‌లోని సెర్న్ ప్రయోగశాలలో దొరికాయి.

అపోహ: గురుత్వాకర్షణకూ, అణువులు, కణాల తీరును చెప్పే క్వాంటమ్ మెకానిక్స్‌కూ అస్సలు పడదు.

వాస్తవం: మామూలు శక్తుల దగ్గర బాగానే పడుతుంది. లెక్కలు చేతులెత్తేసేది ప్లాంక్ శక్తి అనే అత్యధిక శక్తి దగ్గర. కణాలను ఢీకొట్టించే మన అతిపెద్ద యంత్రం ఎల్‌హెచ్‌సీ దానికి ఎన్నో కోట్ల రెట్లు దిగువన ఉంది.

అపోహ: అది దొరికితే ఫిజిక్స్ అయిపోయినట్టే.

వాస్తవం: కాదు. ఎలక్ట్రాన్ల నియమాలన్నీ తెలిసి కూడా, 1986లో బయటపడ్డ రాగి ఆక్సైడ్ సూపర్‌కండక్టర్లు (నిరోధం లేకుండా విద్యుత్తును పంపే పదార్థాలు) ఎలా పనిచేస్తాయో ఇంకా తేలలేదు.

అపోహ: ఇదంతా కాగితం మీద గణితమే, పరీక్షించే వీల్లేదు.

వాస్తవం: నాకు బాగా చిరాకు తెప్పించేది ఇదే. 1974లో జార్జై అనే మరో శాస్త్రవేత్త, పైన చెప్పిన గ్లాషో కలిసి గురుత్వాకర్షణ తప్ప మిగతా మూడు బలాలనూ కలిపారు. చూడముచ్చటైన గణితం. దాంతోపాటు ఒక షరతు వచ్చింది: ప్రోటాన్ కూడా ఎప్పటికో ఒకప్పుడు విడిపోవాలి. ఎప్పటికంటే, 1 పక్కన 30 సున్నాలు పెడితే వచ్చేన్ని ఏళ్లకు, కాస్త అటూ ఇటూగా. విశ్వం వయసే 1,380 కోట్ల ఏళ్లు కదా, మరి చూసేదెలా? ఒక్క ప్రోటాన్ కోసం అంతకాలం ఆగక్కర్లేదు. లెక్కలేనన్ని ప్రోటాన్లను ఒకచోట పోగేసి, ఏదో ఒకటి విడిపోతుందేమోనని కాపు కాస్తే సరిపోతుంది.

జపాన్‌లోని కమియోకా గనిలో, కిలోమీటరు లోతున జరుగుతున్నది అదే. సూపర్ కమియోకాండే ట్యాంకులో 50,000 టన్నుల స్వచ్ఛమైన నీరు, గోడల నిండా 11,000కు పైగా కాంతిని పసిగట్టే గొట్టాలు ఉన్నాయి. ప్రోటాన్ విడిపోతే పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ లాంటిది) ఒకవైపు, పయాన్ అనే క్షణికమైన కణం ఎదురువైపు దూసుకెళ్తాయి. పయాన్ ఆ క్షణంలోనే రెండు ఫోటాన్లుగా (కాంతి కణాలుగా) మారుతుంది. అంటే గోడ మీద మూడు కాంతి వలయాలు పడాలి. 1996 నుంచి కాపు కాస్తున్నా, ఇది ఖాయంగా ప్రోటానే అని చెప్పగలిగింది ఒక్కటీ పడలేదు. ఈ తరహా విచ్ఛిత్తికైతే ఆయుష్షు 1 పక్కన 34 సున్నాలకు పైమాటే అని తేలింది. జార్జై-గ్లాషో తొలి నమూనా అయితే అంతకుముందు ప్రయోగాల్లో, 1980లలోనే ఓడిపోయింది. అంత అందమైన సిద్ధాంతాన్ని పక్కన పెట్టించింది నీళ్ల ట్యాంకులే.

అలాగని శ్రమ వృథా పోలేదు. న్యూట్రినోలనే అతి తేలికైన కణాలకు ద్రవ్యరాశి ఉందని 1998లో చూపించింది ఈ ట్యాంకే. 2015 నోబెల్ కూడా తెచ్చింది. దానికి దగ్గర్లోనే ఇప్పుడు సుమారు 2,60,000 టన్నుల నీరు పట్టే హైపర్ కమియోకాండే సిద్ధమవుతోంది.