గజపతుల ఇంటిపోరు రాస్తూ: చారిత్రక నవల చుట్టూ అపోహలు, వాస్తవాలు

కపిలేంద్ర గజపతి పెద్ద కొడుకు హంవీరుడి మీద నవల రాస్తున్నానని తెలిసినప్పటి నుంచి శ్రీకాకుళంలో నన్నడిగే ప్రశ్నల్లో సగం అపోహలే. మిగతా సగం "ఎప్పటికి అవుతుంది మేస్టారూ?" అన్నది. దానికి జవాబు లేదు కాబట్టి అపోహల సంగతే చూద్దాం.

కథ తెలియనివారికి రెండు ముక్కలు. కటకం (ఇప్పటి ఒడిశాలోని కటక్) నుంచి ఏలిన గాంగ వంశపు చివరి రాజు నాలుగో భానుదేవుడు దక్షిణాది దండయాత్రలో ఉండగా, 1434-35లో కపిలేంద్రుడు వెనకనుంచి సింహాసనం లాక్కున్నాడు. ముప్పై ఏళ్లలో రాజ్యాన్ని గంగ నుంచి కావేరి దాకా పెంచాడు. ఆ దక్షిణ విజయాల్లో పెద్ద వాటా హంవీరుడిది. 1466-67లో కపిలేంద్రుడు కృష్ణ ఒడ్డున కన్నుమూశాడు. గద్దె మాత్రం హంవీరుడికి కాక తమ్ముడు పురుషోత్తముడికి దక్కింది. అన్న తిరగబడ్డాడు. ఇల్లు రెండుగా చీలింది.

అపోహ: గజపతులంటే మన విజయనగరం రాజులే కదా.

వాస్తవం: కాదు. పూసపాటి వారి పేరు చివర గజపతి అనే బిరుదు ఉంది గానీ వారి వంశం వేరు, కాలం వేరు. విజయనగరం కోటకు పునాది పడింది 1713లో. అంటే హంవీరుడు కత్తి పట్టిన కాలానికి రెండున్నర శతాబ్దాల తర్వాత. కపిలేంద్రుడిది కటకం కేంద్రంగా ఏలిన సూర్యవంశం. ఇంకో పొరపాటు కూడా ఇక్కడే జరుగుతుంది. కపిలేంద్రుడు యుద్ధం చేసిన విజయనగరం హంపీ విజయనగరం. ఒక సాహిత్య సభలో "ఏటండీ, విజయనగరం మీదకి దండెత్తాడంటన్నారు, మరి బొబ్బిలోళ్లు ఏం చేశారు?" అని ఒక పెద్దాయన నిజాయితీగానే అడిగారు. బొబ్బిలి యుద్ధం 1757లో జరిగింది. మా జిల్లాల్లో రాజుల కథ ఏది మొదలుపెట్టినా చివరికి బొబ్బిలి దగ్గర తేలుతుంది, అదొక ఆనవాయితీ.

అపోహ: శాసనాలన్నీ వరసగా చదివేస్తే కథ దానంతటదే దొరుకుతుంది.

వాస్తవం: శ్రీకూర్మం వెళ్లి గుడిలోని నల్లరాతి స్తంభాల ముందు నిలబడండి. తాబేళ్లను చూసి వచ్చేసేవాళ్లు ఎక్కువ గానీ, కళింగ చరిత్రలో సగం ఆ రాళ్ల మీదే ఉంది. కాస్త అక్షరాలు కూడబలుక్కుంటే వరస అర్థమవుతుంది. ముందు స్వస్తిశ్రీ, శకవర్షం, రాజు పేరు, ఆయన రాజ్యం ఎన్నో ఏడు, మాసం, తిథి, వారం. ఆ తర్వాత ఫలానా ఆయన దేవుడికి అఖండదీపం కోసం భండారంలో ఇన్ని గండమాడలు (అప్పటి నాణేలు) ఇచ్చాడని. చివర ఆచంద్రార్కం సాగాలని. అంతే. అన్నదమ్ములు కొట్టుకున్నారని ఏ స్తంభమూ చెప్పదు. శాసనం అంటే దాన పత్రం, దినచర్య కాదు.

మరి నవలాకారుడికి వాటితో పనేమిటి? తేదీలు. ఫలానా రోజున ఫలానా ఊళ్లో దానమిచ్చినవాడు ఎవరిని రాజుగా చెప్పుకున్నాడో తెలిస్తే, ఆ రోజుకు ఆ ఊరు ఎవరి చేతిలో ఉందో తెలుస్తుంది. తిరుగుబాటు నవలకు ఇంతకంటే ముఖ్యమైన సమాచారం లేదు.

తేదీల్లోనూ ఒక మెలిక ఉంది. గజపతులు రాజ్యసంవత్సరాలను అంకాల్లో లెక్కపెట్టేవారు. ఒకటి లెక్కలోకి రాదు, తొలి ఏడే రెండో అంకం. ఆరు, ఆరుతో ముగిసే అంకెలన్నీ వదిలేస్తారు. సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు, ఒక్క పది తప్ప. కొత్త అంకం ఉగాదికి కాదు, భాద్రపద శుద్ధ ద్వాదశికి మారుతుంది. కాబట్టి కపిలేంద్రుడి 41వ అంకం అంటే నలభై ఒకటో ఏడు అనుకుంటే ఎనిమిదేళ్లు తేడా వచ్చేస్తుంది. 1, 6, 16, 20, 26, 30, 36, 40 తీసేస్తే మిగిలేది 33వ ఏడు, అంటే 1466-67. ఈ లెక్క తెలియకుండా రాస్తే, చనిపోయిన తండ్రి చేత కొడుకు యుద్ధాలకు ఆశీర్వాదాలు ఇప్పించేస్తాం.

ఈ తీర శాసనాల చివర తరచుగా కనిపించే శ్లోకం ఒకటుంది: "శత్రుణాపి కృతో ధర్మః పాలనీయో మనీషిభిః". శత్రువు చేసిన ధర్మాన్నైనా సరే బుద్ధిమంతులు కాపాడాలని. దీన్ని మామూలు నీతివాక్యంలా చదివి పక్కన పెట్టేస్తారు. నాకైతే ఇందులో దానమిచ్చినవాడి భయం కనిపిస్తుంది. రేపు అన్న వస్తాడో తమ్ముడు వస్తాడో తెలియదు, ఎవరొచ్చినా నా దీపం ఆర్పకండి బాబూ అని ముందే రాయించుకున్నాడు.

అపోహ: పెద్దకొడుకుదే గద్దె. పురుషోత్తముడు అన్యాయంగా కాజేశాడు.

వాస్తవం: పెద్దకొడుకు అన్న లెక్క ఈ నేలమీద ఎప్పుడూ అంత గట్టిది కాదు. ముఖలింగం నుంచి ఏలి, తర్వాత కటకానికి రాజధాని మార్చిన అనంతవర్మ చోడగంగదేవుడినే చూడండి. ఆయన తర్వాత కామార్ణవుడు, రాఘవుడు, రాజరాజు, అనియంకభీముడు, నలుగురు కొడుకులూ ఒకరి తర్వాత ఒకరు రాజులయ్యారు. ముగ్గురు రాణుల బిడ్డలు వాళ్లు. కొడుకు ఉన్నాడా, తమ్ముడు ఉన్నాడా అన్నదానికంటే ఆ సమయానికి కటకంలో ఎవరున్నారు, సామంతులు ఎవరికి తలవంచారు అన్నదే తేల్చేది.

ఇక పురుషోత్తముడికి గద్దె ఎలా వచ్చిందన్నదానికి రెండు కథలున్నాయి. రెండూ చదవకుండా ఈ నవల రాయకూడదు. పూరీ ఆలయ సంప్రదాయం, అంటే గుడి కరణాలు రాసిన చరిత్ర మాదలా పాంజి చెప్పేదాని ప్రకారం, కపిలేంద్రుడికి పద్దెనిమిది మంది కొడుకులు ఉండగా జగన్నాథుడే పురుషోత్తముణ్ణి ఎంచాడు. ఒళ్లు మండిన అన్నలు ఈటెలు విసిరితే ఒక్కటీ తగల్లేదు. ఇది గెలిచినవాడి ఇంటి కథ. ఇటు పారశీక చరిత్రకారుడు ఫిరిస్తా బీజాపూర్‌లో కూర్చుని, ఆ గొడవ జరిగిన శతాబ్దం పైచిలుకు తర్వాత రాశాడు. ఆయన లెక్కలో ఒరియా రాజు పోయాక గద్దెక్కింది మంగళ్ రాయ్ అనే పెంపుడు కొడుకు, అదీ బ్రాహ్మణుడు. న్యాయమైన హక్కుదారు అంబర్ రాయ్ అనే బంధువు, ఆయన వచ్చి దక్కన్‌ను ఏలే బహమనీ సుల్తాను సాయం అడిగాడు. ఈ అంబర్ రాయే హంవీరుడని చాలామంది చరిత్రకారుల నిర్ణయం. సాయం చేసి రాజమండ్రిని పుచ్చుకున్న పక్షం తన పని న్యాయమేనని చెప్పుకోవాలి కదా. అందుకే అక్కడ పురుషోత్తముడు కన్నకొడుకు కూడా కాకుండా పోయాడు.

ఒకరి కథలో దేవుడు ఎంచినవాడు, ఇంకొకరి కథలో ఎక్కడినుంచో వచ్చినవాడు. మనిషి ఒక్కడే. హంవీరుడు తన సంగతి తను చెప్పుకున్న కథ మాత్రం మూడోది కాలేకపోయింది, ఓడినవాడికి పాంజి రాసే కరణం ఉండడు. నవలకు చోటు అక్కడుంది. ఆ చోటులో విషప్రయోగాలూ, గుప్తద్వారాలూ నింపేస్తే చదవడానికి బాగుంటుంది గానీ, ఓడిన అన్న బుర్రలో ఏముందో ఎప్పటికీ తెలియదు.

నా మటుకు నాకు అసలు కీలకం తండ్రి దగ్గర దొరికింది. కపిలేంద్రుడు పాలన చివరి ఏళ్లలో పూరీ గుడిలో ఒక శాసనం వేయించాడు. అది దానం కాదు, ఫిర్యాదు. జగన్నాథా, సామంతులను చిన్నప్పటినుంచి పోషించాను, ధనమిచ్చాను, వాళ్లంతా నన్ను వదిలేశారు, ఒక్కొక్కరికీ తగిన శిక్ష వేస్తాను అని దాని సారాంశం. గంగ నుంచి కావేరి దాకా ఏలుతున్నవాడు దేవుడి ముందు ఇలా వాపోవడం చూస్తే, కొడుకుల గొడవ ఆయన పోయాక మొదలైందని ఎలా అనుకుంటాం? గద్దె లాక్కుని ఎక్కిన తండ్రి ఇల్లు అది. ఎక్కిన కొత్తలోనే ఒడ్డాది మత్స్యులు, నందపురం శిలావంశీయులు, పంచధారల విష్ణువర్ధన చక్రవర్తులు నీ పెత్తనం ఒప్పుకోం పొమ్మన్నారు. లాక్కుంటే వస్తుందన్న పాఠం కొడుకులకు వేరే గురువు చెప్పక్కర్లేదు.

అపోహ: సుల్తానుతో చేతులు కలిపాడు, అందుకే హంవీరుడు ద్రోహి.

వాస్తవం: దేవరకొండ వెలమ నాయకుడు లింగమనేడు బహమనీల మీద సాయం అడిగితే, 1458-59 ప్రాంతంలో వెళ్లి బహమనీ సైన్యాన్ని చావగొట్టింది ఈ హంవీరుడే. 1460లో ఓరుగల్లు కోట గజపతుల వశమైంది. పదేళ్లు అటూ ఇటుగా గడిచేసరికి అదే బహమనీల గుమ్మం తొక్కాడు. మతం మారిందా? లేదు, అవసరం మారింది. అటు తమిళ దేశంలో గుళ్ల శాసనాలు చూస్తే ఒడ్డియల (ఒరియావాళ్ల) గలాబా వల్ల పూజలు ఆగిపోయాయని ఉంటుంది. అక్కడివాళ్లకు అదే హంవీరుడి సైన్యం దేవుడికి దీపం లేకుండా చేసినవాళ్లు. ఏ పక్షాన నిలబడి రాస్తున్నామో తెలిస్తే ద్రోహి అన్న మాట అంత తొందరగా నోటికి రాదు.

అపోహ: తిరుగుబాటు అంటే యుద్ధం, యుద్ధం అంటే రెండు సైన్యాలు ఎదురెదురుగా పరుగెత్తడం.

వాస్తవం: నా ప్రతిలో సైన్యం ఎక్కువసేపు చేసే పని ఆగడం. కటకం నుంచి రాజమండ్రికి తీరం వెంట వస్తే ఋషికుల్య, వంశధార, నాగావళి, చంపావతి, గోస్తని దాటాలి. వంశధార పొంగితే ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఏనుగులతో, ఎడ్లబళ్లతో దాటడం వానలు వెనకబట్టాక, దసరా తర్వాతి మాట. ఆ లోపల సామంతులు రెండు పక్కలా కబుర్లు పంపుతారు, కప్పం మాత్రం ఎవరికీ పంపరు. నా నవల్లో అసలు ఉత్కంఠ ఈ ఎదురుచూపుల్లోనే ఉంది.

అపోహ: పాత్రలు గ్రాంథికంలో మాట్లాడితేనే చారిత్రకం.

వాస్తవం: ముఖలింగం పక్కన పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు ఆ గుడి శాసనాల లిపి సొంతంగా నేర్చుకుని చదివారు. ప్రాచీన తెలుగును అంత దగ్గరగా చూసినాయనే వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. అన్నదమ్ములు ఆస్తి దగ్గర పోట్లాడుకుంటూ "ఓయీ భ్రాతా" అనుకోరు. ఇక దీని మీద వాదన అనవసరం.

అపోహ: వంటింటి వివరాలు ఎవరు పట్టించుకుంటారు?

వాస్తవం: పాఠకులే పట్టేస్తారు, అదీ నిర్దాక్షిణ్యంగా. మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, వేరుశనగ, బొప్పాయి, పొగాకు ఇవన్నీ పోర్చుగీసువాళ్లు సముద్రం దాటి వచ్చాక దిగినవి. వాస్కో డ గామా కాలికట్‌లో దిగింది 1498లో. పురుషోత్తముడు అప్పటికి లేడు. కాబట్టి హంవీరుడి విడిదిలో కారం అంటే మిరియాలే, ఏ సేనానీ చుట్ట కాల్చడు. అన్నిటికంటే మనసు ఒప్పనిది జీడిమామిడి. కుట్రదారులు రాత్రిపూట పలాస దగ్గర జీడితోటలో కలుసుకునే ఘట్టం ఈ మధ్య ఒక కుర్ర రచయిత ప్రతిలో చూశాను. ఘట్టం చాలా బాగుంది. తోట మాత్రం తాటితోపుగా మార్చమన్నాను.

అపోహ: ఎలాగూ కల్పనే కదా, ఏదైనా రాసుకోవచ్చు.

వాస్తవం: రాసుకోవచ్చు, ఏది కల్పనో చెప్పి. నా పుస్తకం చివర రెండు పేజీల పట్టిక ఉంటుంది. వంశధార రేవులో పడవవాడు, టెక్కలి వేగులవాడు, హంవీరుడి భార్య మాటలు, అన్నదమ్ములు ముఖాముఖి కూర్చున్న ఆ ఒక్క రాత్రి, ఇవన్నీ నావి. దేవరకొండ, ఓరుగల్లు, పూరీ గుడిలో తండ్రి ఫిర్యాదు, రాజమండ్రి బహమనీల చేతికి పోవడం, 1482లో సుల్తాను మూడో ముహమ్మద్ చనిపోయాక పురుషోత్తముడు కొండవీడు దాకా మళ్లీ దిగిరావడం, ఇవి చరిత్రవి. హంవీరుడు 1472 నుంచి కొన్నేళ్లు కటకం గద్దె మీదే కూర్చున్నాడా, లేక దక్షిణాన్నే ఏలాడా అన్నదాంట్లో పండితులు రెండు పక్షాలుగా ఉన్నారు. నేను గద్దె మీద కూర్చోబెట్టాను. ఎందుకో ఆ పట్టికలోనే ఒక పేరా రాశాను.