వెన్నెల శిథిలం, ఎండ చిత్రం

స్కాట్లండ్ దక్షిణ సరిహద్దు సీమలో, ట్వీడ్ నదికి దగ్గరగా ఉన్న మెల్రోజ్ అనే చిన్న ఊళ్లో ఒక పాత క్రైస్తవ మఠం శిథిలాలున్నాయి. 1136లో స్కాట్లండ్ రాజు మొదటి డేవిడ్ సిస్టర్షియన్ అనే క్రైస్తవ శాఖ సన్యాసుల కోసం నెలకొల్పిన ఈ మఠాన్ని 1385లో ఇంగ్లండు సేనలు తగులబెడితే సన్యాసులు తిరిగి కట్టుకున్నారు; 1540లలో మళ్లీ దాడులు జరిగాక అది క్రమంగా పాడుబడింది. 1805లో స్కాట్లండ్ కవి వాల్టర్ స్కాట్ తన కథాకావ్యంలో, మెల్రోజ్‌ను సరిగ్గా చూడాలనుకునేవారు వెన్నెల రాత్రి వెళ్లాలని, పగటి ఎండ ఆ శిథిలాలకు పూత పూసేది వాటిని ఎగతాళి చేయడానికేనని రాశాడు. ఆ మాటతో మెల్రోజ్‌కు వెన్నెలకూ విడదీయరాని ముడి పడింది.

1844 అక్టోబరులో, ఛాయాచిత్రణకు ఆద్యులలో ఒకడైన ఆంగ్లేయుడు విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తన కెమెరాతో స్కాట్లండ్ వెళ్లి, స్కాట్ జీవితంతోనూ రచనలతోనూ ముడిపడిన చోట్లను చిత్రించాడు. వాటిలో మెల్రోజ్ కూడా ఉంది. కవి వద్దన్న పగటి వెలుగే టాల్బట్‌కు ఏకైక ఆధారం. మరుసటి ఏడాది 23 చిత్రాలతో అతడు వెలువరించిన సంపుటం పేరే ‘స్కాట్లండ్‌లో సూర్యచిత్రాలు’.

పాడుబడిన మఠాలు టాల్బట్‌కు కొత్త కావు. ఇంగ్లండులోని విల్ట్‌షైర్‌లో అతడు కాపురమున్న లేకాక్ భవనం ఒకప్పుడు సన్యాసినుల మఠం. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ మఠాలను రద్దు చేసిన కాలంలో, 1539లో అది మూతపడి, తరువాత ఒక కుటుంబానికి నివాసంగా మారింది. ఇప్పటికీ మిగిలి ఉన్న నెగటివ్‌లలో, అంటే వెలుగునీడలు తారుమారుగా పడిన బొమ్మలలో, అతి పాతది 1835 ఆగస్టులో ఆ ఇంటి కిటికీనే చూపిస్తుంది.

మెల్రోజ్ చిత్రం ఎలా తయారైందో తెలిస్తేనే అందులో కనిపించేదేమిటో అర్థమవుతుంది. టాల్బట్ 1841లో పేటెంటు పొందిన కాలోటైప్ పద్ధతిలో, మంచి రాత కాగితానికి సిల్వర్ నైట్రేట్ ద్రావణం పూసి, ఆరాక పొటాషియం అయొడైడ్‌లో ముంచితే కాగితం మీద సిల్వర్ అయొడైడ్ లేత పసుపు పొరగా ఏర్పడుతుంది. వాడబోయే ముందు కొవ్వొత్తి వెలుగులో దాని మీద సిల్వర్ నైట్రేట్, ఎసిటిక్ ఆమ్లం, గాలిక్ ఆమ్లం కలిపిన ద్రావణాన్ని పూస్తారు. గాలిక్ ఆమ్లం మన వైద్యులు వాడే మాచికాయల వంటి వాటిలో దొరికేదే. పాత కాలపు సిరాలోనూ దాని పాత్ర ఉంది. వెలుగు తగిలాక కాగితం మీద దాదాపు ఏమీ కనిపించదు. అదే ద్రావణాన్ని మళ్లీ పూసి కాస్త వేడి చూపిస్తే, దాగి ఉన్న బొమ్మ నెమ్మదిగా పైకి తేలుతుంది. 1840 సెప్టెంబరులో టాల్బట్ గుర్తించిన ఈ దాగిన బొమ్మే, నా దృష్టిలో, అతడి పరిశోధన మొత్తంలోనూ గొప్ప విషయం. అంతవరకు కెమెరాలో గంట పట్టే పని నిమిషాలకు తగ్గింది.

అయినా నిమిషాలంటే తక్కువ కాదు, స్కాట్లండ్‌లో అక్టోబరు ఎండ ఏటవాలుగా, బలహీనంగా పడుతుంది. అంతసేపు కదలకుండా నిలబడే గుణం రాతిగోడలకుంది. శిథిలాలు తొలి ఛాయాచిత్రకారులను అంతగా ఆకర్షించడానికి కవిత్వం ఎంత కారణమో ఈ ఓపిక కూడా అంతే కారణమని నేను అనుకుంటాను. సిల్వర్ అయొడైడ్‌కు నీలి కాంతే ఎక్కువగా తగులుతుంది, ఎరుపు దాదాపు తగలదు. అందువల్ల ఆకాశం మబ్బుల జాడ లేకుండా తెల్లగా మిగిలిపోతుంది. గులాబీ ఛాయ ఉన్న మెల్రోజ్ ఇసుకరాయి మాత్రం కంటికి కనిపించే దానికంటే ముదురుగా వస్తుంది. కాగితపు పీచు గుండా వెలుగు ప్రసరించడం వల్ల అంచులు మెత్తబడి, కిటికీల సన్నని రాతి అల్లికలు నీడలో కలిసిపోతాయి. కవి వెన్నెల్లో చూడమన్న మెత్తదనం రసాయనాల వల్ల పట్టపగలే ఆ రాళ్లకు దక్కింది.

కెమెరాలో వచ్చిన నెగటివ్ నుంచి తీసే ఒక్కో ప్రతికీ మళ్లీ సూర్యుడే కావాలి. టాల్బట్ సహాయకుడు నికొలాస్ హెనెమన్ రెడింగ్‌లో నడిపిన కార్యశాలలో ఉప్పు, సిల్వర్ నైట్రేట్ పట్టించిన కాగితం మీద నెగటివ్‌ను పెట్టి, చట్రంలో బిగించి ఎండలో ఉంచేవారు. తరువాత గంధకం ఉన్న హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంతో బొమ్మను స్థిరపరచి నీళ్లలో కడగాలి. కడగడం చాలకపోతే మిగిలిన గంధక సమ్మేళనాలు వెండితో కలిసి బొమ్మను పసుపుబార్చి, వెలిసిపోయేలా చేస్తాయి. అప్పటి ప్రతులు ఎన్నో ఇలాగే మసకబారాయి. ఈ సమస్య ఎంత తీవ్రమైందంటే, 1855లో లండన్‌లోని ఫొటోగ్రాఫిక్ సొసైటీ దీన్ని పరిశీలించడానికి ప్రత్యేకంగా ఒక కమిటీ వేసింది.

ఆ సంపుటంలో స్కాట్ ముఖం లేదు. అతడు 1832లోనే కన్నుమూశాడు, ఛాయాచిత్రణ లోకానికి వెల్లడైంది 1839లో. ఉన్నవల్లా అతడు కట్టించుకున్న ఇల్లు, అతడు వర్ణించిన మెల్రోజ్, ఎడింబరోలో అప్పటికి పూర్తి కావస్తున్న అతడి స్మారకం, డ్రైబరో మఠ శిథిలాల నడుమ అతడి సమాధి.