అవ్వ చక్కెర డబ్బా, నా మందుల అర

తిరుపతి

చిరంజీవులైన మనవళ్ళకు, మనవరాళ్ళకు తాత ఆశీస్సులు.

ఉప్పునూ చక్కెరనూ అవ్వ వేరువేరు అరల్లో ఎందుకు పెడుతుందని మొన్న వచ్చినప్పుడు అడిగారు. ఒకసారి పాయసంలో ఉప్పు పడిన తరువాత ఆమె చేసుకున్న ఏర్పాటు అది. ఆ రోజు ఎవరినీ తిట్టకుండా డబ్బా చోటు మార్చింది. మందులిచ్చే ఉద్యోగంలో ఏళ్ళు గడిపిన నాకు ఆ తెలివి రావడానికి ఒక మెమో అందుకోవలసి వచ్చింది.

చిత్తూరు జిల్లా ఇంకా విడిపోని రోజుల్లో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టుగా ఉండేవాణ్ణి. షుగరు మాత్రలూ బి.పి. మాత్రలూ ఒకే అరలో పక్కపక్క అట్టపెట్టెల్లో ఉండేవి; రెండూ ఒకే తీరు వెండి రేకులు, వెనకవైపు చీమ తలకాయంత అక్షరాలు. ఒక సోమవారం వరుస వరండా దాటి వేపచెట్టు దాకా సాగి ఉండగా, ఒకరు దగ్గుమందు అడుగుతూ, మరొకరు చీటీ చేతిలో పెడుతూ, లోపలినుంచి సిస్టరమ్మ కట్టుగుడ్డ కోసం కేకేస్తూ ఉండగా, ఒక ముసలమ్మకు బి.పి. మాత్రలకు బదులు షుగరు మాత్రలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె కిటికీ వదలకుండా రేకును వేళ్ళతో తడిమి, "నాయనా, నా మాత్ర ఇంత లావుండదు గదా" అంది. చదువు రాని ఆ తల్లి వేలికి తెలిసిన తేడా, చదువుకున్న నా కంటికి ఆ క్షణాన కనబడలేదు.

ఇకపై జాగ్రత్తగా పనిచేయాలంటూ మెమో వచ్చింది. పెట్టెలు మాత్రం ఆ అరలోనే ఉండిపోయాయి. నెల తిరగకముందే, నేను సెలవు పెట్టిన రోజున నా చోట కూర్చున్న కుర్రవాడు అదే పొరపాటు చేయబోయాడు. అప్పుడు ఒక పెట్టెను కింది అరకు దింపి, దానికి ఎర్రదారం కట్టాను. నేనున్నంత కాలం ఆ రెండూ మళ్ళీ తారుమారు కాలేదు.

మనిషి కన్ను, చెయ్యి, జ్ఞాపకం, అలసట ఎలా ఉంటాయో చూసుకుని, వాటికి తగ్గట్టు పనినీ పనిముట్టునూ అమర్చే ఈ విద్యను హ్యూమన్ ఫ్యాక్టర్స్ ఇంజనీరింగ్ అంటారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో అమెరికా బి-17 బాంబరు విమానాలు క్షేమంగా నేలకు దిగిన తరువాత, కొందరు పైలట్లు రెక్కల వెనక అంచున కిందికి వంగే ఫ్లాప్‌ల మీటకు బదులు చక్రాలను ముడిచే మీట లాగేవారు. విమానం పొట్టమీద కూలబడేది. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1943లో కాక్‌పిట్ చూస్తే, రెండు మీటలూ పక్కపక్కనే, ఒకే తీరుగా ఉన్నాయి. చక్రాల మీటకు చిన్న చక్రంలాంటి పిడి, ఫ్లాప్‌ల మీటకు ఒకవైపు పలచబడే ఏటవాలు పిడి తగిలించాడు. చూడకుండా పట్టుకున్నా చేతికి తెలిసిపోతుంది, ఆ ముసలమ్మ వేలికి తెలిసినట్టు. నేటికీ విమానాల్లో చక్రాల మీట పిడి చక్రం ఆకారంలోనే ఉంటుంది.

మన ఆరోగ్య కేంద్రంలోనూ అంత చక్కని వస్తువు ఒకటుంది. టీకా సీసా మీద ఊదారంగు వలయం, దాని నడుమ తెల్లని చతురస్రం ఉంటాయి. సీసాకు వేడి తగిలేకొద్దీ చతురస్రం నల్లబడుతుంది, మళ్ళీ ఐస్‌లో పెట్టినా తెల్లబడదు. వలయంతో సమానమైన రంగుకు వచ్చిందంటే ఆ టీకా పారవేయవలసిందే. 1996లో పోలియో చుక్కల సీసాలతో ఇది మొదలైంది. మే నెల ఎండలో టీకాల డబ్బా భుజాన వేసుకుని ఊరూరూ తిరిగే ఏఎన్ఎం (టీకాలు వేసే నర్సమ్మ) ఎన్ని గంటలు, ఎన్ని డిగ్రీలు అని లెక్క కట్టనక్కరలేదు, ఒక చూపు చాలు. అయితే టీకా గడ్డకట్టి పాడైన సంగతిని ఆ చతురస్రం చెప్పదు. అందుకు వేరే పరీక్ష ఉంది. ఒకసారి నొక్కగానే బిగుసుకుపోయే సిరంజి కూడా ఈ కోవలోదే, దాన్ని రెండోసారి వాడాలనుకున్నా కుదరదు.

ఇంటికి చేరిన మందు దగ్గర మనం ఇంకా వెనకబడే ఉన్నాం. విరేచనాలకు ఇచ్చే పెద్ద ఓఆర్ఎస్ పొట్లాన్ని లీటరు నీళ్ళలో కలపాలని చెబుతాం, కానీ ఏ ఇంటి చెంబు లీటరుంటుంది? నేను ఖాళీ లీటరు నీళ్ళ సీసా తెమ్మనేవాణ్ణి. పసిపిల్లల పారాసిటమాల్ చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉంటే, సిరప్పులో సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 125 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. సిరప్పుకు అలవాటుపడిన తల్లి చుక్కల మందును కూడా చెంచాతో పోస్తే బిడ్డకు నాలుగింతలు పడుతుంది. అందుకే డ్రాపర్ మీద పెన్నుతో గీత గీసి, "ఇంతవరకే అమ్మా" అని చూపించి ఇచ్చేవాణ్ణి.

అలాగైతే తప్పు చేసినవాడికి బాధ్యత లేదా అని మీలో పెద్దవాడు అడుగుతాడు, తెలుసు. తాగి డ్యూటీకి వచ్చినవాణ్ణి నేనూ వెనకేసుకురాను. మైదాన ప్రాంతాల్లో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అన్నది మన ప్రభుత్వ లెక్క. ఆ కిటికీ వెనక తరచుగా ఒక్కడే ఉంటాడు. వాడు మధ్యాహ్నం ఒంటిగంటకు కూడా ఉదయం తొమ్మిదింటికి ఉన్నంత చురుగ్గా ఉంటాడని నమ్మి అరలు సర్దడం, నన్నడిగితే, ఆ పొరపాటు కంటే పెద్ద అజాగ్రత్త.

ఈసారి సెలవులకు వచ్చినప్పుడు అవ్వ మాత్రల డబ్బా తెరిచి చూడండి. దుకాణంలో కత్తిరించి ఇచ్చిన రేకుల్లో ఎన్నింటికి మందు పేరూ గడువు తేదీ మిగిలాయో, ఎన్నింటివి కత్తెరకు పోయాయో లెక్కపెట్టి నాకు చెప్పండి. ఎర్రదారం నా దగ్గర ఇంకా ఉంది.

మీ తాత