సిలువ కనిపిస్తే క్రైస్తవ బ్యాండేనా? రాక్ పాటల చుట్టూ అపోహలు - వాస్తవాలు

నేను సికింద్రాబాద్‌లో గిటార్ నేర్పుతాను. ఆదివారం పొద్దున చర్చిలో వాయిస్తాను, మిగతా రోజుల్లో పిల్లలకి రాక్ పాటలు చెప్తాను. అందుకే ఈ ప్రశ్న నెలకి ఒకసారైనా నా దగ్గరికి వస్తుంది: "సార్, ఈ బ్యాండ్ వాళ్లు క్రైస్తవులే కదా? ఈ పాట యూత్ మీటింగ్‌లో పాడేద్దామా?" పాడాలా వద్దా అన్నది మీ సంఘం, మీ పాస్టరు గారు తేల్చుకోవాల్సిన సంగతి. ముందు ఆ పాట దేని గురించో, రాసినవాళ్లు తమ గురించి ఏం చెప్పుకున్నారో తెలుసుకుందాం.

అపోహ: పాటలో యేసు పేరు ఉందంటే రాసినవాడు క్రైస్తవుడే.

వాస్తవం: 1969 చివర్లో వచ్చిన 'స్పిరిట్ ఇన్ ద స్కై' వినండి. యేసు స్నేహం ఉంటే చనిపోయాక పైలోకానికి చేరతావని సూటిగా చెప్పే పాట. రాసి పాడిన నార్మన్ గ్రీన్‌బామ్ మసాచుసెట్స్‌కి చెందిన యూదుడు. పోర్టర్ వాగనర్ అనే కంట్రీ (అమెరికా పల్లె సంగీతం) గాయకుడు టీవీలో గాస్పెల్ పాట, అంటే క్రైస్తవ భక్తి పాట, పాడుతుంటే చూసి, అలాంటిది నేనూ రాయగలను అనుకుని పావుగంటలో రాసేశానని ఆయనే చెప్పాడు. జాగ్రత్తగా వింటే పాటలోనే ఆనవాలు దొరుకుతుంది. తాను ఎన్నడూ పాపం చేయలేదని అంటాడు ఒకచోట. సండే స్కూల్‌కి వెళ్లిన పిల్లలెవరైనా అక్కడ టక్కున ఆగిపోతారు, ఎందుకంటే అందరూ పాపం చేసినవాళ్లేనని చెప్పే రోమా 3:23 వాళ్లకి కంఠతా వచ్చు. ఆ గరగరలాడే ఫజ్ గిటార్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్క) మాత్రం నేను ప్రతి బ్యాచ్‌కీ నేర్పుతాను, అంత బాగుంటుంది.

డూబీ బ్రదర్స్ 1972లో పాడిన 'జీసస్ ఈజ్ జస్ట్ ఆల్‌రైట్' కూడా ఇలాంటిదే. ఆ పాట నిజంగానే గాస్పెల్ పాట, 1966లో ఆర్ట్ రెనాల్డ్స్ సింగర్స్ అనే గాస్పెల్ బృందం పాడింది. దాన్ని తీసుకుని పాడిన ఈ బ్యాండ్ పేరులోని 'డూబీ'కి గంజాయి చుట్ట అని అర్థం.

అపోహ: క్రీడ్ క్రైస్తవ బ్యాండ్.

వాస్తవం: ఇలా పొరబడినవాళ్లని నేను తప్పుపట్టను. క్రీడ్ అన్న మాటకే విశ్వాస ప్రమాణం అని అర్థం. గాయకుడు స్కాట్ స్టాప్ పెంతెకొస్తు ఇంట్లో పెరిగాడు. 1999 నాటి 'హ్యూమన్ క్లే' ఆల్బమ్ పేరు వినగానే మట్టితో చేసిన ఆదాము గుర్తొస్తాడు. కానీ ఆ ఆల్బమ్‌లో మనవాళ్లు ఆరాధన పాటలనుకునే రెండింటినీ దగ్గరగా చూడండి. 'విత్ ఆర్మ్స్ వైడ్ ఓపెన్' స్టాప్ తాను తండ్రి కాబోతున్నానని తెలిసినప్పుడు రాసుకున్నది. అవి పుట్టబోయే బిడ్డ కోసం చాచిన చేతులు. దానికి 2001లో ఉత్తమ రాక్ పాటగా గ్రామీ వచ్చింది. 'హయ్యర్' ఏమో కల కంటున్నామని తెలిసి ఆ కలని మనమే నడిపించుకోవడం గురించి. మాది క్రైస్తవ బ్యాండ్ కాదని వాళ్లు మొదట్నుంచీ చెప్తూనే ఉన్నారు.

మరి ఆ భాష ఎక్కడిది? మన ఇళ్లలో చూడండి. పని కష్టమైతే భగీరథ ప్రయత్నం అంటాం, ఇల్లు పెద్దదైతే లంకంత కొంప అంటాం, రాధాకృష్ణుల పేర్లు పెట్టి ప్రేమ పాటలు రాస్తాం. అవన్నీ భజనలు అనుకోం కదా. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో పెరిగినవాళ్ల నోట బైబిలు మాటలు అలాగే వస్తాయి. 'షైన్' పాడిన కలెక్టివ్ సోల్ జార్జియా బ్యాండ్. రాసిన ఎడ్ రోలాండ్ తండ్రి బాప్టిస్టు పాస్టరు. పరలోకపు వెలుగు అన్న మాట ఆయనకి ఇంటి మాటే.

అపోహ: క్రైస్తవ పుస్తకాల షాపులో అమ్మారంటే క్రైస్తవ ఆల్బమే.

వాస్తవం: ఎవనెసెన్స్ కథ దీనికి జవాబు. ఆర్కెన్సాలోని లిటిల్ రాక్ బ్యాండ్ ఇది. దాన్ని మొదలుపెట్టిన ఎమీ లీ, బెన్ మూడీ ఒకరికొకరు పరిచయమైంది ఒక క్రైస్తవ యూత్ క్యాంపులో. 2003 మార్చిలో 'ఫాలెన్' రాగానే క్రైస్తవ షాపులు అమ్మాయి, క్రైస్తవ రేడియోలు వేశాయి. ఏప్రిల్‌లో ఒక ఇంటర్వ్యూలో మూడీ, అసలు మేం క్రైస్తవ పాటల చార్టుల్లో ఎందుకున్నామని ఘాటుగా మాట్లాడాడు. వెంటనే విండ్-అప్ కంపెనీ (క్రీడ్ రికార్డులు తెచ్చింది కూడా వాళ్లే) ఆల్బమ్‌ని అరల్లోంచి తీసేయమని ఆ షాపులకి ఉత్తరం రాసింది. డబ్బు పోతుందని తెలిసీ పంపిన ఆ ఉత్తరమంటే నాకు గౌరవం. కొన్న పిల్లలు, అమ్మిన షాపులు మోసపోయామని అనుకునే పరిస్థితి ఇంకా ముదరకుండా ఆగింది.

పోల్చి చూడటానికి స్ట్రైపర్ అనే క్రైస్తవ బ్యాండ్ ఉంది. యెషయా 53:5లోని దెబ్బల మాట నుంచి పేరు తెచ్చుకుని, స్టేజీ మీద నుంచి జనంలోకి కొత్త నిబంధనలు విసిరేవాళ్లు. వాళ్ల విషయంలో ఎవరూ ఊహించాల్సిన పని పడలేదు.

అపోహ: బ్యాండ్‌లో విశ్వాసులుంటే అది క్రైస్తవ బ్యాండే.

వాస్తవం: యూటూలో నలుగురుంటే ముగ్గురు డబ్లిన్‌లోని షాలోమ్ అనే ప్రార్థన బృందంలో ఉండేవాళ్లు. నాలుగో మనిషి ఆడమ్ క్లేటన్ అందులో లేడు. 1983 నాటి వాళ్ల 'ఫార్టీ' పాట 40వ కీర్తనే. అయినా వాళ్లు క్రైస్తవ సంగీత మార్కెట్ వైపు వెళ్లలేదు, అందరి కోసం పాడారు. ఇక్కడ విశ్వాసమూ నిజమే, బ్యాండ్ అందరిదన్నదీ నిజమే.

అపోహ: 'లూజింగ్ మై రిలిజియన్' మతం వదిలేయడం గురించి.

వాస్తవం: ఈ పాట పాడిన ఆర్.ఇ.ఎం. బ్యాండ్ కూడా జార్జియా వాళ్లే. అక్కడి వాడుకలో ఆ మాటకి ఓపిక నశించిందని, నిగ్రహం తప్పిందని అర్థం. పాట ఒకరి మీద పెంచుకున్న ప్రేమ గురించి, బయటపడలేని యాతన గురించి. 1991లో దాని వీడియో తీసింది జలంధర్‌లో పుట్టిన తర్సేమ్ సింగ్. క్రైస్తవ పునీతుల బొమ్మల పక్కనే మన దేవతల క్యాలెండర్ బొమ్మల్లాంటి దృశ్యాలూ పెట్టాడు. దాంతో అపోహ ఇంకా బలపడింది.

అపోహ: 'హల్లెలూయ' క్రిస్మస్ పాట.

వాస్తవం: ఇది బ్యాండ్ పాట కాదు, అయినా డిసెంబరులో ఎక్కువగా అడిగేది దీన్నే. 1984లో రాసిన లెనర్డ్ కోహెన్ యూదుడు. మొదటి చరణంలో నాలుగోది, ఐదోది, మైనర్‌కి దిగడం, మేజర్‌కి లేవడం అంటూ కార్డ్‌ల (కలిపి మోగించే స్వరాల) పేర్లు చెప్తాడు. సి స్కేల్‌లో పట్టి చూడండి: ఆ మాట దగ్గర సరిగ్గా ఎఫ్, జి, ఎ మైనర్, మళ్లీ ఎఫ్ వస్తాయి. చెప్పింది చెప్పినట్టు చేతికింద వినిపిస్తుంటే పిల్లల మొహాలు వెలిగిపోతాయి.

ఒకసారి క్వయర్ రిహార్సల్‌లో ఒకమ్మాయి రెండో చరణం దాకా పాడి ఆగిపోయింది. మేడ మీద స్నానం, వంటింటి కుర్చీకి కట్టేయడం, జుట్టు కత్తిరించడం. "అన్నా, ఇది బత్షెబ కదా? ఇది దెలీలా కదా?" అంది. బైబిలు తెరిచి 2 సమూయేలు 11, న్యాయాధిపతులు 16 అందరం కలిసి చదివాం. బత్షెబ విషయంలో దావీదు, దెలీలా చేతిలో సమ్సోను పడిపోయిన చోట్లవి. ఆరాధనలో వద్దని వాళ్లే అనుకున్నారు. ఆ అమ్మాయి దాన్ని కాలేజీ ఫంక్షన్‌లో పాడింది, వెనక నేను వాయించాను. జెఫ్ బక్లీ 1994 వెర్షన్ అది. కేపో (గిటార్ మెడకి బిగించే క్లిప్పు) ఐదో ఫ్రెట్‌లో పెట్టి జి షేపులు పట్టుకుంటే వస్తుంది.