కప్పు చీజ్ అంటే ఎన్ని గ్రాములు? అపోహలు - వాస్తవాలు

బేకింగ్ నేర్పేటప్పుడు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది: "రెసిపీలో కప్పు అని ఉంది, ప్యాకెట్ మీద గ్రాములు ఉన్నాయి. ఎంత వెయ్యాలి?" ఒక అంకె చెప్తే చాలనుకుంటారు. సాఫ్ట్ చీజ్‌లన్నిటికీ సరిపోయే అంకె లేదు.

అపోహ: కప్పు 240 మి.లీ. కాబట్టి ఏ చీజ్ అయినా 240 గ్రాములే.

అది నీళ్లకి సరిపోయే లెక్క. అమెరికన్ కప్పుతో కొలిస్తే క్రీమ్ చీజ్ సుమారు 230 గ్రాములు, రికోటా 245, కాటేజ్ చీజ్ 225 తూగుతాయి. ఇంతవరకూ తేడా చిన్నదే. చిదిపిన చీజ్ దగ్గరే లెక్క పూర్తిగా మారిపోతుంది. ఫెటాని చిదిపి వదులుగా వేస్తే కప్పుకి దాదాపు 150 గ్రాములే పడుతుంది, మిగతాదంతా ముక్కల మధ్య గాలి. వేళ్లతో అదిమితే అదే కప్పులో ఇంకా చాలా పడుతుంది. రెసిపీలో ఏమీ చెప్పకపోతే అదమకుండా, వదులుగానే నింపండి.

అపోహ: విప్డ్ క్రీమ్ చీజ్ కూడా క్రీమ్ చీజే, చెంచాకి చెంచా మార్చుకోవచ్చు.

మామూలు క్రీమ్ చీజ్ ఒక టేబుల్ స్పూన్ 14 - 15 గ్రాములు. విప్డ్ అయితే సుమారు 10. గాలి కలిపి గిలక్కొట్టింది కదా! చీజ్‌కేక్‌లో కప్పుకి కప్పు మార్చేస్తే చీజ్ మూడో వంతు దాకా తగ్గిపోతుంది, గుడ్లూ పంచదారా మాత్రం అలాగే ఉంటాయి. అది సరిగ్గా గట్టిపడకపోతే తప్పు ఓవెన్‌ది కాదు. బ్లాక్‌గా వచ్చే చీజ్‌ని గది వేడికి మెత్తబరిచినా బరువు మారదు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

అపోహ: 8 ఔన్సులంటే ఒక కప్పు.

ద్రవాల ఔన్సు వేరు, బరువు ఔన్సు వేరు. చీజ్ ప్యాకెట్ మీద ఉండేది బరువు: 8 ఔన్సులు, అంటే 227 గ్రాములు. క్రీమ్ చీజ్ విషయంలో అది దాదాపు కప్పుకి సరిపోతుంది. అందుకే ఈ నమ్మకం ఇంత గట్టిగా పాతుకుపోయింది. చిదిపిన ఫెటా అదే 227 గ్రాములు తీసుకుంటే కప్పున్నర అవుతుంది.

అపోహ: వడకట్టి తూచినా, తూచి వడకట్టినా ఒకటే.

రికోటాలో నీరు చాలా ఉంటుంది, వడకడితే బరువు తగ్గుతుంది. "వడకట్టిన రికోటా 250 గ్రాములు" అని ఉంటే ముందు వడకట్టి తర్వాత తూచాలి. "రికోటా 250 గ్రాములు, వడకట్టాలి" అని ఉంటే ముందు తూచాలి. రెసిపీలు రాసేవాళ్లు ఈ మాట స్పష్టంగా రాస్తే ఎన్నో వంటలు బాగుపడతాయని నా గట్టి నమ్మకం.

అపోహ: కప్పులన్నీ ఒకటే.

కావు. మెట్రిక్ కప్పు 250 మి.లీ. ఆస్ట్రేలియా టేబుల్ స్పూన్ 20 మి.లీ., చాలాచోట్ల 15.

సలాడ్ మీద చల్లే ఫెటాకి ఇంత లెక్క అక్కర్లేదు, కంటి అంచనా చాలు. చీజ్‌కేక్‌కీ ఫ్రాస్టింగ్‌కీ మాత్రం తూచే వెయ్యండి. జిగురుగా అంటుకునే చీజ్‌ని కప్పులో నింపి, గీకి తియ్యడం కూడా అనవసర శ్రమ. తెరిచిన డబ్బాని డిజిటల్ స్కేల్ మీద పెట్టి సున్నా చెయ్యండి. చెంచాతో తీస్తూ పోతే మైనస్‌లో కనిపించే అంకే మీరు తీసిన చీజ్ బరువు.