తిండి ఉంది, దారి ఇచ్చేవాళ్లే కావాలి

2025 జులైలో దుబాయ్ గోదాంలో దాదాపు 500 టన్నుల బిస్కెట్లు గడువు తీరిపోయి తగలబెట్టాల్సి వచ్చిందన్న వార్త చాలామంది చదివే ఉంటారు. అవి మనం టీలో ముంచుకునే బిస్కెట్లు కావు. పొయ్యి వెలిగించుకునే వీలు కూడా లేనివాళ్లకు, ముఖ్యంగా పిల్లలకు, ప్యాకెట్ విప్పి ఇస్తే కాస్త బలం వచ్చేలా చేసినవి. 15 లక్షల మంది పిల్లలకు వారం రోజులు సరిపోయేవని లెక్క. అమెరికా ప్రభుత్వం డబ్బు పెట్టి కొన్నది, గోదాంలో పెట్టింది, తర్వాత విదేశీ సాయం ఆపేసి యూఎస్‌ఎయిడ్ అనే సంస్థనే మూసేసింది. బిస్కెట్లను కదిలించమని చెప్పే అధికారం ఎవరిదో తేలేలోపే గడువు దాటిపోయింది.

చదివితే కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ తిండి ఒకచోట గుట్టగా ఉండి జనం ఇంకోచోట ఆకలితో పోవడం కొత్త కాదు, మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్న 1876-78 కరువులోనూ అదే జరిగింది. అప్పటికే మద్రాసు నుంచి కడప, గుత్తి మీదుగా రాయచూరు దాకా రైలు ఉంది. మద్రాసుకు ఓడల్లో బియ్యం దిగింది కూడా. ఆ బియ్యం గుట్టలకు సైనికులు కాపలా కాస్తుంటే, ఊళ్లొదిలి నడిచొచ్చినవాళ్లు వాటి ముందే కుప్పకూలిపోయారు. వ్యాపారంలో ప్రభుత్వం వేలు పెట్టకూడదన్నది వైస్రాయ్ లిట్టన్ పట్టుదల. ఆయన పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మట్టి మోసే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఏవో నాలుగు డబ్బులు చాలన్నాడు. పౌను అంటే అరకిలో కూడా కాదు. మద్రాసులో ఇవాళ మురుగు పారే బకింగ్‌హామ్ కాలువలో కొంత భాగం అప్పుడు ఆ జనంతో తవ్వించిందే. ఆ చావుల తర్వాతే కరువు కమిషన్, 1880లలో కరువు నియమావళి వచ్చాయి. పని ఎప్పుడు మొదలుపెట్టాలి, గంజి కేంద్రం ఎప్పుడు తెరవాలి అని కాగితం మీద రాసుకోవడం అప్పుడే మొదలైంది.

దేశాల మధ్య ఆహార సాయం ఇవాళ ఉన్న రూపానికి రావడం మాత్రం 1954 తర్వాతి సంగతి. అమెరికాలో గోధుమలు పండినంత అమ్ముడుపోవడం లేదు, గోదాములు నిండిపోయాయి, ధర పడిపోతుందని రైతుల గోల. అప్పుడు ప్రెసిడెంట్ ఐజన్‌హోవర్ సంతకం పెట్టిన చట్టమే మనవాళ్లందరికీ తెలిసిన పీఎల్-480. మిగిలిన ధాన్యాన్ని మిత్రదేశాలకు వాళ్ల డబ్బులోనే అమ్మడం, కొంత ఉచితంగా ఇవ్వడం. అదే ఏడాది ఇంకో చట్టం వచ్చింది, దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు: ప్రభుత్వం పంపే సరుకులో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలని. 1985లో ఆహార సాయం వరకు దాన్ని 75 శాతానికి పెంచారు, 2012లో మళ్లీ 50కి దించారు. ఆ ఓడల కిరాయి ఎక్కువ. పైగా ధాన్యం కూడా అమెరికాలోనే కొనాలి. అంటే పక్క జిల్లాలో సజ్జలు దండిగా పండినా వాటిని కొనకుండా, సముద్రం అవతల నుంచి నెలల తరబడి గోధుమలు మోసుకురావాలి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థే 2007లో లెక్క తీసి, అత్యవసర సాయం ఖర్చులో దాదాపు 65 శాతం రవాణాకు, ఇతర ఖర్చులకే పోతోందని తేల్చింది. రైతు సంఘాలు, ఓడల కంపెనీలు, కొన్ని సేవా సంస్థలు కలిసి ఈ పద్ధతిని దశాబ్దాల పాటు కాపాడుకున్నాయి. సాయం అని పేరు పెట్టి సగానికి పైగా సొంత ఇంట్లోనే ఖర్చు పెట్టుకోవడం నాకైతే మింగుడుపడదు.

అలా అని పీఎల్-480 ఒట్టి మోసం అనేయలేం. 1960, 70లలో బడికెళ్లినవాళ్లను అడగండి, పసుపు రంగు ఉప్మా, పాలపొడి పాలు గుర్తు చేసుకుంటారు. చాలామంది పిల్లలకు ఆ రోజుకు అదే కడుపునిండా తిండి. (పొలాల్లో ఉండే వయ్యారిభామ కూడా ఆ గోధుమలతోనే వచ్చిందంటారు గానీ, అంతకుముందే ఆ మొక్క మన దేశంలో ఉన్నట్టు ఆధారాలున్నాయి.) 1965, 66లో వరుసగా వానలు లేక మనం కోటి టన్నుల దాకా దిగుమతి చేసుకున్నప్పుడు, ప్రెసిడెంట్ జాన్సన్ ఏడాది ఒప్పందం చేయకుండా నెలకింత అని కొసరి కొసరి వదిలాడు. వ్యవసాయ విధానం మార్చుకోవాలని ఒత్తిడి ఒకటి, వియత్నాం యుద్ధాన్ని మనం తప్పుపడుతున్నామన్న కోపం ఒకటి. ఓడ రేవులోకి వస్తేనే రేషన్ షాపులో గోధుమలు. హరిత విప్లవం మీద మన ప్రభుత్వం అంత తొందరపడటానికి ఆ టెన్షన్ పెద్ద కారణం.

మనం తట్టుకున్నాం. 1974లో బంగ్లాదేశ్ తట్టుకోలేకపోయింది. వరదలు, ధరలు, చేతిలో డాలర్లు లేవు. క్యూబాకు 40 లక్షల గోనె సంచులు అమ్మిందని తెలిసి, క్యూబాతో వ్యాపారం చేసే దేశానికి పీఎల్-480 కింద ధాన్యం ఇవ్వకూడదన్న నిబంధన బయటికి తీసింది అమెరికా. ఢాకా ఆ వ్యాపారం మానుకుంది. అయినా ధాన్యం చేరేసరికి కరువు తీవ్రంగా ఉన్న నెలలు దాటిపోయాయి. ప్రభుత్వం ఒప్పుకున్న చావులే దాదాపు 27 వేలు, పరిశోధకుల అంచనాలు లక్షల్లో ఉన్నాయి. గోనె సంచుల కోసం!

ఓడ దిగినంత మాత్రాన పని అయిపోదని ఇథియోపియాలో తెలిసింది. 1984 అక్టోబర్‌లో అక్కడి కోరెమ్ కరువు శిబిరం దృశ్యాలు టీవీలో చూసి ప్రపంచమంతా చందాలు పంపింది, కానీ అసాబ్ రేవులో దిగిన బస్తాలను కొండల మీదికి తీసుకెళ్లడానికి లారీలు చాలలేదు. ఒక పక్క యుద్ధం, ఉన్న లారీలను ప్రభుత్వం తన పనులకు వాడుకోవడం. విమానంలోంచి బస్తాలు జారవిడవడం అప్పుడు చాలామంది చూశారు గానీ, అది లారీ కంటే ఏడు రెట్ల దాకా ఖరీదని ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్లే చెప్తారు. వేరే దారి లేనప్పుడే ఆ పని చేస్తారు.

తర్వాత పద్ధతులు మెరుగుపడ్డాయి. దగ్గర్లో కొనడం, బజారులో సరుకు ఉంటే నేరుగా డబ్బే ఇవ్వడం, దుబాయ్, ఇటలీలోని బ్రిందిసి లాంటి చోట్ల ముందే నిల్వ పెట్టడం. అయితే దారి ఇవ్వడం, ఇవ్వకపోవడం ఇప్పటికీ ప్రభుత్వాలు, తుపాకులు పట్టినవాళ్ల చేతిలోనే ఉంది. 2021లో మన దేశం అఫ్గానిస్తాన్‌కు 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామంది. మధ్యలో పాకిస్తాన్ ఉంది కాబట్టి, ఎవరి లారీల్లో వెళ్లాలన్న దాని మీదే నెలలు గడిచాయి. చివరికి అఫ్గాన్ లారీలే పంజాబ్ సరిహద్దులోని అట్టారీకి వచ్చి, 2022 ఫిబ్రవరి 22న మొదటి 2,500 టన్నులు ఎక్కించుకెళ్లాయి, అదీ అక్కడ చలికాలం చాలావరకు గడిచిపోయాక.

అంతర్యుద్ధంలో చిక్కుకున్న సూడాన్‌లో ఇంకా ఘోరం. పక్క దేశం చాద్ నుంచి సూడాన్ పడమటి ప్రాంతమైన డార్ఫూర్‌లోకి దగ్గరి దారి అద్రె సరిహద్దు. ఆయుధాలు వస్తున్నాయంటూ సూడాన్ ప్రభుత్వం 2024 ఫిబ్రవరిలో దాన్ని మూసేయించింది. ఆగస్టు 1న డార్ఫూర్‌లో ఇళ్లొదిలి వచ్చినవాళ్లుండే జంజం శిబిరంలో కరువు ఉందని నిపుణులు ప్రకటించారు. ఆ నెల మధ్యలో, మూడు నెలల వరకే అంటూ సరిహద్దు తెరిచారు. అప్పటికి అక్కడ వానాకాలం. వాగులు పొంగి, మట్టిరోడ్లు కొట్టుకుపోయి, లారీలు బస్తాలతో సహా దారిలోనే నిలిచిపోయాయి.